రాయమల్లు పేరు మీద

గోదావరిఖని
22 జులై 2012

బాపూ,

నీ పెద్దబిడ్డ జమున దండాలు. ముందే చెప్తున్నాను, ఇది పొడుగు ఉత్తరం. కళ్లద్దాలు తుడుచుకుని, చాయ్ తెచ్చుకుని కూర్చో. ఫోన్‌లో చెప్దామంటే అక్కడ కొత్తగూడెంలో తమ్ముడు అంజి ఫోను నీ చెవికి ఆనిస్తాడు, నేను గొంతు చించుకుంటాను, నేనేం అడిగినా నువ్వు "ఆ బిడ్డా, తిన్న, తిన్న" అంటావు. ఇరవై ఏడేండ్లు బొగ్గుబాయిలో పేల్చే బాంబుల చప్పుడుకు నీ చెవులు పోయాయి గానీ, ఉత్తరం మటుకు అక్షరం వదలకుండా చదువుతావు. అందుకే ఈ కాలంలో కూడా పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనే మనిషిని ఈ కాలనీలో నేనొక్కదాన్నే.

సంగతేమిటంటే మన ఆఫీసుకు వెబ్‌సైటు పెట్టించాను. నవ్వకు. ఉన్నది పదడుగుల గది, మూడు కుర్చీలు, ఒక కంప్యూటరు, బయట "రాయమల్లు కన్సల్టెన్సీ" అని నీ పేరు మీద బోర్డు, దీనికి వెబ్‌సైటు ఎందుకే అంటావని తెలుసు. ఎందుకంటే కార్మికుల పిల్లలు ఇప్పుడు ఖనిలో లేరు. పుణెలో, హైదరాబాదులో, దుబాయిలో ఉన్నారు. తండ్రి పింఛను ఆగినా, సర్వీసు బుక్కులో పుట్టిన తేదీ తప్పు పడినా, ఏ కాగితం ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో అక్కడి నుంచి అడగాలి వాళ్లు. అది చెప్పడమే కదా నా పని. చౌరస్తాలో నాలాంటి దుకాణాలు ఇంకో రెండు లేచాయి. కూర్చుంటే కుదరదు.

చేసిపెట్టింది మైత్రి. పై అంతస్తులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. థర్మల్ ప్లాంటులో ఇంజనీరు భీమశంకరం గారి బిడ్డ, వాళ్లది రాజమండ్రి వైపు. పోయినేడు సకల జనుల సమ్మెలో నేను నడిరోడ్డు మీద వంట వండుతుంటే మెట్ల మీద నిలబడి చూసిన మనిషి, ఇప్పుడు నాకు పాఠాలు చెప్తోంది. చెప్పనీ, పని తెలిసిన మనిషి.

మొదటి రెండు నెలల్లో మన వెబ్‌సైటును ఎంతమంది చూశారో తెలుసా? పదకొండు మంది. అందులో తొమ్మిదిసార్లు చూసింది నేనే. పదోది మైత్రి. మిగిలిన ఆ ఒక్కడు ఎవడో దేవుడికే తెలియాలి.

నేను మైత్రి మీద గయ్యిమన్నాను. ఆమె ఏం తొణకలేదు. "జమునగారూ, మీరేం చేస్తారో రాసుకున్నారు. వాళ్లేం వెతుకుతారో రాయలేదు. 'నమ్మకమైన సలహా సేవలు' అని ఎవరైనా కొడతారాండీ? కడుపులో ఏ బాధ ఉందో అదే కొడతారు. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు" అంది. ఇంకోటి చెప్పింది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఆఫీసుకు వచ్చినవాళ్లు గడపలో నిలబడి అనే మొట్టమొదటి మాటను ఉన్నదున్నట్టు రాసుకోమంది. దాన్ని దిద్దొద్దు, చదువుకున్న తెలుగులోకి మార్చొద్దు. ఆ మాటే ఆ పేజీకి పేరు. నిజమే బాపూ! "మా నాయిన వయసు బుక్కుల తప్పు పడ్డది" అని ఒక పేజీ పెడితే వారంలో ఇరవై మంది వచ్చారు. ఆ మాట అన్నది ఐదో ఇంక్లైన్ కాలనీ ఎల్లన్న కొడుకు. నాకు రాదు అట్లాంటి మాట, చదివి చెడిపోయాను కదా.

ఒక్క దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. నా నోటుబుక్కులో పదిమందిలో నలుగురి మొదటి మాట "మారుపేరు". కంప్యూటర్లో కూడా జనం ఎక్కువ వెతికేది అదేనట. నీకు చెప్పాలా, వెనకట ఒకడికి నౌకరీ కాగితం వస్తే ఇంకొకడు ఆ పేరు మీద బాయిలో దిగాడు. ఇప్పుడు రిటైరై, పిల్లల సర్టిఫికెట్లు కలవక లబోదిబోమంటున్నారు. మైత్రి "దాని మీద ఒక పేజీ రాయండి, మీ గది పట్టరు జనం" అంటుంది. నేను ససేమిరా అన్నాను. మొన్న ముత్యం అని ఒక ముసలాయన వచ్చి ఇట్లాగే కాళ్లావేళ్లా పడితే, "బతుకంతా ఇంకొకని పేరు తిని, ఇప్పుడు నన్ను కడగమంటున్నవా కాకా? దొంగ కాగితం నా చేత్తోని ముట్ట" అని పంపించేశాను. పాపం అనిపించింది, కానీ తప్పు తప్పే. నా బోర్డు మీద ఉన్నది నీ పేరు. దానికి మచ్చ రానివ్వను.

ఇక అసలు సంగతి. నిజమైన మనిషి కథ ఒకటి పెట్టమంది మైత్రి. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ సాల్లో బాయిలో చేరాడు, అన్నీ ఉండాలట. అట్లా ఉంటేనే వెతికేవాళ్లకు దొరుకుతుందట. నాకు నీకంటే నిజమైన మనిషి ఎవరున్నారు? "మా బాపు రాయమల్లు, తండ్రి కొమురయ్య, ఊరు ఎర్రగుంటపల్లి, 1974లో బాయిలో దిగాడు" అని మొదలుపెట్టి, అవ్వను చేసుకున్న సంగతి, నీ చెవుల సంగతి, నువ్వు రాత్రిబడిలో మూడు నెలల్లో చదవడం నేర్చిన సంగతి, అన్నీ రాశాను. నీ రిటైర్మెంటు దండ ఫోటో కూడా పెట్టాను. మిగతా అన్ని పేజీలు కలిపినా దానికి వచ్చినంతమంది రాలేదు!

ఇంకో చిత్రం. జనం ఏ మాటలు వెతికి మన దగ్గరికి వచ్చారో ఒక పట్టీ వస్తుంది. మంచిర్యాల నుంచి ఎవరో దాదాపు రోజూ నీ పేరు, తాత పేరు, ఊరి పేరు, 1974, ఇవే నాలుగు కొట్టి వస్తున్నారు. మీ ఊళ్లో మనవాళ్లెవరూ మిగల్లేదన్నావు కదా? ఎవరో పాత దోస్తు అయ్యుంటాడు. దొరికితే నీకు తోలుకొస్తాను.

బీడీలు తగ్గించు. అంజిని, మరదలిని అడిగానని చెప్పు.

నోటి దురుసు బిడ్డ,
రాయమల్లు జమున

---

గోదావరిఖని
20 సెప్టెంబరు 2012

బాపూ,

ఈ రెండక్షరాలు రాసి అరగంట కూర్చున్నాను.

నా ఉత్తరానికి నువ్వు ఒక్క కార్డు ముక్క రాశావు. "ఆ పేజీ తీసెయ్ బిడ్డా. నా ఫోటో వద్దు." అంతే. నేనేమనుకున్నాను? మా బాపుకు సిగ్గు అనుకున్నాను. మీ అల్లుడికి చూపించి నవ్వాను కూడా. పేజీ తియ్యలేదు. ఆ రోజే తీసేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఆలోచించే ఓపిక లేదు.

మంగళవారం పగటి పూట ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒక ముసలామె, ఒక డిగ్రీ చదివే పిల్ల. మంచిర్యాల నుంచి వచ్చామన్నారు. పిల్ల పేరు సహస్ర, ముసలామె ఐలవ్వ, ఆ పిల్లకు అమ్మమ్మ. నాకు వెంటనే వెలిగింది, రోజూ నీ పేరు వెతికేది ఈ పిల్లేనని. సంతోషంతో చాయ్ చెప్పించాను. అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి కూర్చున్నాను, గడపలో మొదటి మాట రాసుకుందామని. ఐలవ్వ అన్న మొదటి మాట ఇది. రాసుకోలేదు, కానీ మరిచిపోను.

"మా ఆయిన బతికి ఉన్నడా, సచ్చిండా బిడ్డా?"

ఎవరమ్మా మీ ఆయన అన్నాను. ఆమె వేలు ఎత్తి బయటి బోర్డు చూపించింది. సహస్ర అందుకుని చెప్పింది: "రాయమల్లు. మా తాత. తండ్రి కొమురయ్య, ఎర్రగుంటపల్లి. మీ పేజీల అన్ని గవే ఉన్నయి మేడం."

నీకు అవ్వ కంటే ముందే ఇంకో పెళ్లాం ఉందనుకున్నాను బాపూ. ఆ ఒక్క నిమిషంలో నిన్ను నానా మాటలూ అనుకున్నాను. ఐలవ్వ చెప్పుకుంటూ పోయింది. ఆమె నీళ్లోసుకున్న కొత్తల్లో ఆయన బాయి పని కోసం ఖనికి వచ్చాడట. "నౌకరి దొరికింది, నెల దినాలకు వచ్చి తోలుకపోత" అని ఒక ఊరాయనతో కబురు పంపాడట. నెల పోయింది, ఏడాది పోయింది. బిడ్డ పుట్టింది. దసరా తర్వాత పది నెలల పిల్లను చంకనేసుకుని ఆమె బాయి గేటు దగ్గరికి వచ్చింది. క్లర్కు రిజిస్టరు చూసి, "ఉన్నడు, మొదటి షిఫ్టుల ఉన్నడు, ఆగు" అన్నాడట.

"నాకు పానం లేచొచ్చింది బిడ్డా. షిఫ్టు ఇడిసినంక అందరు నల్లగ బయటకొచ్చిన్రు. ఒక్కొక్కని మొఖం చూసిన. మావోడు లేడు. మల్ల కిటికి కాడికి పోతె గా క్లర్కు ఏమన్నడో ఎర్కేనా? 'నీతోని పొత్తు లేదంటుండమ్మా, పొమ్మంటుండు' అన్నడు. గంతే. మల్ల ఎన్నడు ఇటు మొఖాన రాలె."

నేను ఏడ్చాను బాపూ. నీ పాపానికి నేను సిగ్గుపడి ఏడ్చాను. నువ్వు ఉన్నావని చెప్పేద్దామనుకున్నాను. లేచి, గోడకున్న నీ ఫోటో, దండ వేసుకున్నది, తీసి ఆమె చేతుల్లో పెట్టాను. సెల్‌ఫోన్లో చిన్నగా కనబడితే ఆమె కళ్లకు ఆనలేదట. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని వాకిట్లో వెలుగులోకి తీసుకుపోయింది. చాలాసేపు చూసింది. నేను ఆమె ఏడుస్తుందని ఎదురుచూస్తున్నాను.

"ఈయనెవలు?" అంది.

నాకు అర్థం కాలేదు. మీ ఆయనే కదమ్మా అన్నాను.

"కాదు బిడ్డా. మావోనికి కుడి కనుబొమ్మ మీద గాటు ఉంటది, ఎద్దు పొడిచింది. ముసలోడైతె మాత్రం గాటు యాడికి పోతది? ఈయన పేరు మావోనిది, తండ్రి మావోనికి తండ్రి, ఊరు మా ఊరు. మనిషి మావోడు కాదు."

నీకు ఇంకో పెళ్లాం ఉందని వినడానికి ఆ నిమిషంలో నేను సిద్ధమయ్యాను. నువ్వు నువ్వు కాదని వినడానికి ఎట్లా సిద్ధం కావాలి? నా పదో తరగతి మెమో మీద తండ్రి పేరు రాయమల్లు. నా పెళ్లి పత్రిక మీద రాయమల్లు. అవ్వ చనిపోయినప్పుడు కాగితం మీద భర్త పేరు రాయమల్లు అని రాసింది నేనే, ఈ చేత్తోనే. కనుబొమ్మ మీద గాటు లేదు నీకు. చిన్నప్పటి నుంచి నీ మొఖం చూస్తున్నాను, ఉండి ఉంటే నాకు తెలియదా.

ఐలవ్వ పోతూ పోతూ నన్ను అడిగింది ఒక్కటే. నౌకరీ అడగలేదు, పింఛను అడగలేదు. "ఏటేటా పెత్రమాస వస్తది. ఊరంత పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తరు. నేను ఇయ్య. రిజిస్టరుల బతికున్నోనికి ఎట్లిత్తు? గీ యాడాదన్న ఇయ్యాల్నా, వద్దా? నువ్వు సలహాలు చెప్పేదానివంట కదా, గిది చెప్పు" అంది. పెత్రమాసలోపు కనుక్కుని చెప్తానన్నాను.

ఇప్పుడు నా మనసులో ఉన్నది దాచకుండా రాస్తాను. నేను అబద్ధం చెప్పాలని తీర్మానం చేసుకున్నాను. పేజీ తీసేశాను. పేర్లు ఒక్కటైనాయి, ఊరు తప్పు పడింది, కంప్యూటరు పొరపాటు అని చెప్తాను. సహస్ర నమ్మకపోయినా, కంప్యూటరంటే తెలియని ఐలవ్వ నమ్ముతుంది. ఎందుకంటే కంపెనీ నిన్ను పనికి అన్‌ఫిట్ చేసినప్పుడు, నీ కొడుకుగా అంజికి నౌకరీ నీ పేరు మీదే వచ్చింది. ఇద్దరు పిల్లలు వాడికి. ఆ పేరు కదిలితే వాడి కంచం కదులుతుంది. ముత్యం కాకను గడప దిగగొట్టిన దాన్ని, ఇప్పుడు అంతకంటే పెద్ద అబద్ధానికి తయారై కూర్చున్నాను. ఛీ అనిపిస్తోంది. అయినా చెప్తాను.

నాకు మాత్రం ఒక్కటి రాయి. నువ్వు ఎవరివి? అవ్వకు తెలుసా?

జమున
(తండ్రి పేరు ఏం రాయాలో తెలియలేదు)

---

కొత్తగూడెం
28 సెప్టెంబరు 2012

బిడ్డా జమునా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అంజి డ్యూటీకి పోయాక రాస్తున్నాను. నా చదువు నీకు తెలుసు, తప్పులుంటే సర్దుకో.

నా పేరు నర్సింగం. నాది ఎర్రగుంటపల్లి కాదు, గోదావరి అవతల ఇంకో ఊరు. మా ఊళ్లో దొర దగ్గర జీతం ఉండేవాణ్ని. మా నాయిన చేసిన బాకీకి నన్ను పెట్టారు. పందొమ్మిదేండ్లప్పుడు ఒకనాడు ఎడ్లు తప్పిపోతే చెట్టుకు కట్టేసి కొట్టారు. తెల్లారి పారిపోయి ఖనికి వచ్చాను. అవ్వను, చెల్లెను వదిలిపెట్టి వచ్చాను. దొర మనుషులు వెతుకుతున్నారని తెలిసి, ఎవరికీ అసలు పేరు చెప్పకుండా తిరిగాను.

రాయమల్లు, నేను ఒకే గుడిసెలో ఉన్నాం. కాంట్రాక్టరు కింద బొగ్గు నింపేవాళ్లం. ఒకే గిన్నెలో తిన్నాం. నాకంటే రెండేండ్లు పెద్ద, అన్నా అనేవాణ్ని. కుడి కనుబొమ్మ మీద గాటు, ఆమె చెప్పింది నిజం. అతనికి కంపెనీ పిలుపు వచ్చింది, డాక్టరు పరీక్ష కూడా అయింది, సోమవారం చేరమని కాగితం ఇచ్చారు. శనివారం మిట్టమధ్యాహ్నం రామగుండం స్టేషనుకు నడిచిపోయాడు. ఎండకు పోవద్దంటే వినలేదు. ఐలవ్వను తోలుకొద్దాం, రైలు ఎన్నిగంటలకో కనుక్కొని వస్తానన్నాడు. తిరిగి వచ్చేటప్పటికి ఒళ్లు కాలిపోతోంది. వాంతులయ్యాయి. నీళ్లు తాగలేకపోయాడు. పొద్దుగూకకముందే వడదెబ్బకు పోయాడు. మే నెల, 1974. తేదీ నాకు గుర్తులేదు. గుర్తుపెట్టుకోవాల్సింది.

గోదావరి ఇసుకలో కాలబెట్టాం. నేను, బొగ్గు నింపే మా మేస్త్రి ఎల్లేశం, ఇంకొకాయన. పోలీసు లేదు, కాగితం లేదు. ఆ రోజుల్లో గుడిసెల్లో పోయినవాణ్ని ఎవరూ అడగలేదు. ఎల్లేశం అతని నౌకరీ కాగితం నా చేతిలో పెట్టి, "సచ్చినోనికి నౌకరెందుకురా? సోమవారం నువ్వు పో. ఫోటో ఎవడు చూస్తడు, బాయిలకెల్లి వచ్చినంక మొఖాలన్ని ఒక్కటే" అన్నాడు. నాకు ఒక పేరు కావాలి. అక్కడొక పేరు ఖాళీ అయింది. తీసుకున్నాను.

మొదటి జీతం రాగానే ఐలవ్వ దగ్గరికి పోయి చెప్దామనుకున్నాను. భయమైంది. వచ్చే నెల అనుకున్నాను. అట్లా ఏడాదిన్నర అయింది. అప్పుడు ఆమె గేటు దగ్గరికి వచ్చింది.

బిడ్డా, అందరి మొఖాలూ చూశానని ఆమె చెప్పింది కదా. నా మొఖం కూడా చూసింది. మేము బాయిలో నుంచి పైకి వచ్చాక వరసలో నడుస్తున్నాం. ఆమె కళ్లు నా మీద పడ్డాయి, పడి, నా వెనకాయన మీదికి పోయాయి. చంకలో పిల్ల ఉంది. ఆగి, వదినా అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను నడిచిపోయాను. తర్వాత క్లర్కు పిలిచి, "రాయమల్లూ, నీ పెండ్లాం వచ్చింది గదా, కలువలేదా" అన్నాడు. ఆ మాట అన్నది నేనే. పొత్తు లేదని, పొమ్మని. వేరే మాట తోచలేదు. ఆ ఒక్క మాటకు నా చెవులు పోయాయని నేను అనుకుంటాను. డాక్టరు బాంబుల చప్పుడు అంటాడు.

మీ అవ్వకు తెలుసు. పెండ్లినాడే చెప్పాను. "పెనిమిటి పేరు ఎట్లయిన నోట పలుకను. ఏ పేరైతె నాకేంది" అంది. అన్నట్టే ముప్పై ఏండ్లు ఏ పేరూ పలకలేదు. ఆమె దగ్గర ఒక్కదాని దగ్గరే నేను అబద్ధం కాదు.

1983లో దొరలు పట్నం పోయారని తెలిసి మా ఊరికి పోయాను. మా అవ్వ అప్పటికే పోయింది. చెల్లె పెండ్లయి బతుకబోయిందన్నారు, ఎటో ఎవరికీ తెలియదు. నర్సింగం ఎటు పోయాడో తెలుసా అని నన్నే అడిగారు. నాకు తెలియదని చెప్పి వచ్చాను.

నువ్వు ఐలవ్వకు అబద్ధం చెప్పొద్దు. ఆ అబద్ధం నేను ఒకసారి చెప్పాను, ఒక మనిషి ముప్పై ఎనిమిదేండ్లు మోసింది. ఇంకోసారి వద్దు. పెత్రమాసకు నేను వస్తున్నాను. రాయమల్లును కాలబెట్టిన జాగా చూపిస్తాను. తర్వాత నా పేరు మీద కాగితం రాయి, కంపెనీకి ఇద్దాం. అంజికి నేనే చెప్తాను, ఆఖరికి. వాడు ఏమంటే అది పడతాను.

ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. జనం ఏ మాటలు వెతికారో పట్టీ వస్తుందన్నావు. అందులో నర్సింగం అని ఎప్పుడైనా వచ్చిందా బిడ్డా?

నర్సింగం
(ఈ సంతకం ఎన్నడూ పెట్టలేదు, వంకర పోయింది)

---

గోదావరిఖని
18 అక్టోబరు 2012

బాపూ,

బాపు అన్న పిలుపుకు పేరుతో పని లేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది.

నువ్వు సోమవారం పెత్రమాసనాడు ఇసుకలో నిలబడ్డావు, ఐలవ్వ అంతసేపు నీతో మాట్లాడింది, నువ్వు చేతులు జోడించి తల ఊపావు. తెల్లారే కొత్తగూడెం బస్సెక్కావు, నేను ఏదీ చెప్పే సందు ఇవ్వకుండా. నీకు ఒక్క ముక్క వినబడలేదని నాకు తెలుసు. ఆమె పెదాలే చూశావు. అందుకే ఆమె ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, దిద్దకుండా, గడపలో మాట రాసుకున్నట్టే. నీకు తిట్లు పడ్డాయి. చదివి తీరాలి.

నీ ఉత్తరం నేను ఆమెకు ముందే చదివి వినిపించాను కదా. కదలకుండా విన్నది. రైలు టైము కనుక్కోవడానికి పోయాడన్న దగ్గర "మల్ల చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. ఏడవలేదు. ఇసుకలోకి వచ్చి, బియ్యం, కూరగాయలు పెద్దల బియ్యం పట్టే జంగమయ్య చేతిలో పోసి, రాయమల్లు పేరు పైకి చెప్పింది. అప్పుడు నీ వైపు తిరిగింది.

"సచ్చినోని మీద ముప్పై ఎనిమిదేండ్లు అలిగినరా నేను. ఊరోల్లందరు పెద్దలకు బియ్యం ఇస్తుంటె, తలుపేసుకొని ఆయనను తిట్టిన. నువ్వు సుఖంగ ఉన్నవురా, నీకు పురుగులు పడ అన్న. ఒక్క పిడికెడు బియ్యం ముట్టలె ఆయనకు, నా తిట్లే ముట్టినయి. గేటు కాడ గా దినమే చెప్తె, గా దినమే ఏడ్చి, లేచి, నా బిడ్డకు బువ్వ పెట్టుకుందును. గీ పాపం ఎవనిది? నీదేరా."

నువ్వు అక్కడ తల ఊపావు. ఏం అనుకుని ఊపావో తెలియదు, కానీ సరిగ్గా అక్కడే ఊపావు. ఐలవ్వ కూడా అది చూసి ఒక్క క్షణం ఆగింది.

సహస్ర మెల్లగా, "అమ్మమ్మా, గాజులు..." అనబోయింది. ఆమె గయ్యిమంది. "తియ్య. ముప్పై ఎనిమిదేండ్లు ఉత్తగ ఏసుకున్ననా? ఇప్పుడు ఎవని కోసం తియ్యాలె?" అంది.

నువ్వు నీళ్ల దగ్గరికి పోయాక నేను అడిగాను, మా బాపును మాఫ్ చేస్తావా అవ్వా అని. "మాఫ్ నాతోని కాదు బిడ్డా. కని నన్ను తోలుకపోను రైలు టైము అడగవోయి పోయిండని చెప్పిండు గదా. గది నాకు ఎవ్వలు చెప్పలె. గది చాలు" అంది. నీకు ఇంతకంటే మెత్తటి మాట తెచ్చి ఇవ్వలేను. ఉన్నదే రాశాను.

పోయేముందు ఆమె ఆఫీసుకు వచ్చి బోర్డు దగ్గర నిలబడింది. రేపే తీయిస్తానమ్మా అన్నాను. "తియ్యకు. మావోని పేరు యాడన్న ఒక్కకాడ ఉండాలె. సహస్రను చదివి చెప్పమన్న, మంచిగ రాసిన్రు" అంది. అందుకని బోర్డు ఉంది. ఇప్పుడది నీ పేరు కాదు, ఆయనది.

నీ కాగితం మంగళవారం దాఖలు చేశాను, ఖని ఆఫీసులోనే. తీసుకున్న క్లర్కు రెండుసార్లు చదివి నా మొఖం చూశాడు. ఏమవుతుందో నాకు నిజంగా తెలియదు. పింఛను ఆపుతారేమో, అంజిని పిలుస్తారేమో. అంజి నా ఫోను ఎత్తడం లేదు. నీతో మాట్లాడుతున్నాడా? వాడి కోపం న్యాయమే. అయినా వాడి పక్కన నిలబడి, వాడి కాగితాలన్నీ నేనే చూస్తాను, వాడు వద్దన్నా సరే.

ముత్యం కాక ఇంటికి నేనే నడిచిపోయాను. వాకిట్లో నిలబడి తప్పయిందన్నాను. ఆయన నవ్వి, "గిట్ల ఇంటికొచ్చి మరీ పట్టుకపోతరా కాగితాలు" అన్నాడు. మైత్రి అడిగిన మారుపేర్ల పేజీ పెట్టాను. దాని పేరు ఏం పెట్టానో తెలుసా? "మా బాపు పేరు అది కాదు." మూడు రోజుల్లో నూట అరవై మంది చదివారు. కింద నీ ఊరు, నీ అవ్వ పేరు, నీ చెల్లె పేరు, నీ అసలు పేరు అన్నీ రాశాను, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి, తెలుగులో ఒకసారి. వెతికేవాళ్లకు దొరకాలి కదా. నీ ఫోటో కూడా పెట్టాను. ఈసారి తీసెయ్ అని కార్డు రాసినా తియ్యను.

నువ్వు అడిగిన దానికి జవాబు. పట్టీ మొత్తం మొదటి నుంచి చూశాను బాపూ. నర్సింగం అని ఇన్ని నెలల్లో ఒక్కసారే వచ్చింది. నీ ఉత్తరం అందిన రోజు.

వెతికింది నేనే.

నర్సింగం బిడ్డ,
జమున